రంగు వెయ్యడం నేర్పాం, రేటు చెప్పడం ఎప్పుడు నేర్పుతాం?

స్త్రీలకు ఉపాధి శిక్షణ అనగానే కుట్టుమిషను, పచ్చళ్లు, అగరొత్తులు మాత్రమే గుర్తొచ్చే రోజులు కొంత మారాయి. ఆటో నడపడం, మోటారు వైండింగు, బండ్ల రిపేరు లాంటి పనులు కూడా ఇప్పుడు మన సంస్థల జాబితాల్లో చేరుతున్నాయి. వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వాహనాలకు రంగు వేసే పని. విజయవాడ ఆటోనగర్ లోనూ, ఆ చుట్టుపక్కల రోడ్డువార షెడ్లలోనూ టింకరింగు, పెయింటింగు చేసేవాళ్లను గమనిస్తూ, ఈ పని నేర్చుకోవడానికి ముందుకొచ్చిన కొద్దిమంది స్త్రీలతో మాట్లాడుతూ వస్తున్నాను. స్త్రీ చేతికి స్ప్రే గన్ ఇవ్వడాన్ని మనం ఒక విజయంగా చెప్పుకుంటున్నాం. సంతోషమే. కానీ ఆ స్త్రీ మొదటి కస్టమరు ముందు నిలబడి, "ఎంతవుతుందమ్మా?" అన్న ప్రశ్నకు ఏం జవాబు చెబుతోంది? మన శిక్షణ విలువ తేలేది అక్కడ. మన హక్కుల చర్చ ఇంకా చేరవలసింది కూడా అక్కడికే.

కూలి గురించి మనకు ఒక అవగాహన ఉంది. సమాన పనికి సమాన వేతనం అన్నాం, పోరాడాం. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ ఉంది. కానీ ఈ చట్టాలన్నీ యజమాని ఒకరు, కూలీ ఒకరు ఉన్నచోట పనిచేసేవి. సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్న స్త్రీకి యజమాని ఎవరు? ఆమె నోటితో చెప్పే రేటే ఆమె కూలి. ఆ రేటు తక్కువైతే ఏ లేబరు ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు చెయ్యాలి? స్వయం ఉపాధి పేరుతో స్త్రీలను మనం పంపుతున్నది ఈ ఖాళీ జాగాలోకే. అందుకే ధర కట్టడాన్ని వ్యాపార మెళకువ అని పక్కన పెట్టడం కుదరదు. స్వయం ఉపాధిలో ఉన్న స్త్రీకి వేతన హక్కు అంటే అదే.

కంటికి కనపడని పని

ఈ పని తెలియనివారికి రంగు వెయ్యడమంటే గన్ పట్టుకుని చిమ్మడమే అనిపిస్తుంది. నిజానికి చిమ్మడం చివరి గంట పని. కారు డోరుకి సొట్ట పడిందనుకోండి. టింకరింగు అయ్యాక దాన్ని కడిగి, జిడ్డు, మైనం లేకుండా తుడవాలి. పాత రంగు గీకాలి. పుట్టీ పెట్టాలి, అది గట్టిపడ్డాక ముతక కాగితంతో మొదలుపెట్టి నెమ్మదిగా సన్న కాగితానికి వస్తూ అరగదియ్యాలి. ప్రైమరు కొట్టాలి, ఆరాలి, మళ్లీ 400, ఆ తర్వాత 800 నంబరు కాగితంతో నీళ్లు పోసి రుద్దాలి. అద్దాలకీ పిడికీ టేపు, కాగితం అంటించాలి. ఆ తర్వాత బేస్ కోటు, దాని మీద హార్డ్‌నరు కలిపిన క్లియరు కోటు. చివరికి 2000 నంబరు కాగితం, పాలిష్. పైగా రంగు కలవాలి. బండి మీద ఉన్న కోడు ప్రకారం రంగు కలిపించినా, అయిదారేళ్లు ఎండలో తిరిగిన బండికి అది సరిగ్గా కలవదు. చిన్న రేకు ముక్క మీద కొట్టి, ఆరబెట్టి, ఎండలో పట్టుకుని చూసి, మళ్లీ కలపాలి.

ఒకప్పుడు పరిస్థితి వేరు. ఇప్పటికీ మన మేస్త్రీలు కొందరు "డూకో పని" అంటారు. అది 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన లాకరు పేరు. రోజుల తరబడి, వారాల తరబడి ఆరే రంగులను అది గంటల్లోకి తెచ్చింది. రంగు ఆరే సమయం తగ్గింది గానీ చెయ్యి అరగదీసే సమయం అంతగా తగ్గలేదు. నునుపు తెచ్చేది రంగు కాదు, దాని కింద కాగితంతో గంటల తరబడి రుద్దిన చెయ్యి. పని పూర్తయ్యాక ఆ శ్రమ జాడ కూడా కనపడకూడదు. కనపడితే పని బాగా చేయనట్టు లెక్క. ఇలాంటి శ్రమ స్త్రీలకు కొత్తదా? ఇల్లు శుభ్రంగా ఉన్నప్పుడు ఎవరికీ గుర్తుకురాని పని మనం తరతరాలుగా చేస్తున్నదే కదా.

ఇరవయ్యేళ్లు దాటిన ఒక అమ్మాయి, శిక్షణ పూర్తయి ఇంటి పక్క రేకుల షెడ్డులో పని మొదలుపెట్టింది. ఒక డోరుకి 1,500 రూపాయలు అడిగానని చెప్పింది. ఎలా లెక్కేశావని అడిగాను. "సామాన్లకి 1,200 అయింది మేడం. నాకో 300 చాలనుకున్నా" అంది. మరి నీ కూలి? "నా కూలేముందండీ, ఇంటిదగ్గర ఉన్న మనిషినేగా" అంది.

ఆ 300 రూపాయల లెక్క ఇద్దరం కాగితం మీద వేశాం. రంగు కలిపించుకు రావడంతో సహా ఆ డోరు మీద ఆమె గడిపినది 8 గంటలు. షెడ్డు అద్దె, కంప్రెసరు కరెంటు, గన్ కడిగే థిన్నరు, కంప్రెసరు అరుగుదల కలిపి రోజుకు తక్కువలో తక్కువ 300 వేసుకుందాం అన్నాను. అంటే 1,500లో సామాన్లు 1,200, షెడ్డు ఖర్చు 300. ఆమెకు మిగిలింది సున్నా. అదే గంటకు 100 రూపాయల చొప్పున తన పనికి వేసుకుంటే 800. మొత్తం 2,300. రంగు కారినా, దుమ్ము పడినా మళ్లీ చెయ్యాల్సి వస్తుంది కాబట్టి దాని మీద పదోవంతు, 230. అంటే 2,530. ఇవి ఆమె ఊళ్లో, ఆమె షెడ్డులో వేసుకున్న అంకెలు. ఇంకోచోట మారతాయి. మారనిది వరుస: సామాను, గంటలు, షెడ్డు ఖర్చు, మళ్లీ చేసే పనికి భరోసా. ఈ నాలుగింటిలో మన స్త్రీలు సామాను ఒక్కటే రాస్తున్నారు. ఎందుకంటే దానికి మాత్రమే కొట్టువాడు బిల్లు ఇస్తాడు.

బీమా కంపెనీకి తెలిసిన లెక్క

స్త్రీలు తమ శ్రమను ఎక్కువ చేసి చెప్పుకుంటున్నారని ఎవరైనా అంటే వాళ్లకు చూపించడానికి ఒక ఆధారం ఉంది. మన దేశంలో మోటారు వాహనాల బీమా పాలసీలో అరుగుదల కోత గురించి ఒక షరతు ఉంటుంది. పెయింటింగు ఖర్చులో సామాను మీద మాత్రమే 50 శాతం కోత వెయ్యాలి. సామాను ఇంత, కూలి ఇంత అని విడివిడిగా రాయకుండా మొత్తం ఒకే బిల్లు ఇస్తే, అందులో 25 శాతాన్ని సామానుగా లెక్కగట్టాలి. అంటే మిగిలిన 75 శాతం సామాను కాదని బీమా పాలసీయే ఒప్పుకుంటోంది.

ఇది రేట్లు నిర్ణయించే నియమం కాదు. కోత వెయ్యడానికి పెట్టుకున్న కొలత మాత్రమే. అందరూ సామానుకు నాలుగు రెట్లు అడగాలని నేను అనడం లేదు. పెద్ద సర్వీసు సెంటర్లలో పెయింటు బూతు ఉంటుంది, జీతగాళ్లుంటారు, వాళ్ల ఖర్చు వేరు. కానీ ఈ కొలత పక్కన ఆ అమ్మాయి బిల్లు పెట్టి చూడండి. ఆమె బిల్లులో సామాను వంతు 80 శాతం. రంగు పని గురించి బీమా సర్వేయరుకు తెలిసిన సంగతి రంగు వేసే స్త్రీకి తెలియలేదు. మన శిక్షణలో ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

టీ కొట్టు దగ్గరి చదువు

ఈ పనికి చదువు లేదని కాదు. ఐ.టి.ఐ.లలో ఆటో బాడీ పెయింటింగు ఏడాది కోర్సుగా ఉంది. పదో తరగతి పాసైతే చాలు, ఆడపిల్లలూ చేరవచ్చు. అయినా ఆటోనగర్ లో ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది మేస్త్రీ దగ్గర చిన్నప్పుడు చేరి, కాగితం రుద్దుతూ, తిట్లు తింటూ నేర్చుకున్న మగవాళ్లే. అది మెచ్చుకోదగ్గ పద్ధతి కాదు, అందులో బాల్యం పోయినవాళ్లు ఎందరో. కానీ ఆ దారిలో వచ్చినవాడికి గన్ పట్టడంతో పాటు ఇంకొకటి కూడా వంటబడుతుంది. బానెట్ కి ఎవరు ఎంత తీసుకుంటున్నారు, ఏ ట్రావెల్స్ వాళ్లు బాకీ పెడతారు, ఏ కొట్లో థిన్నరు కల్తీ, ఇన్సూరెన్సు బండికి ఎస్టిమేటు ఎలా రాయాలి — ఇదంతా సాయంత్రం టీ కొట్టు దగ్గర వినబడుతుంది. రేట్ల సంగతి తేలేది అక్కడే. చీకటి పడకముందే ఇంటికి చేరి వంట చెయ్యాల్సిన స్త్రీ ఆ టీ కొట్టు దగ్గర ఉండదు. ఉన్నా ఆమె ముందు మాట మారుతుంది.

వృత్తిలోకి రానివ్వకపోవడం ఎప్పుడూ బోర్డు రాసిపెట్టి జరగదు. రాసిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. సినిమా రంగంలో స్త్రీలకు మేకప్ ఆర్టిస్టులుగా కార్డులివ్వకుండా, జుట్టు దువ్వే పనికే పరిమితం చేసిన సంఘం నియమాన్ని 2014లో చారు ఖురానా కేసులో సుప్రీం కోర్టు కొట్టేసింది. రాసిన నియమాన్ని కోర్టు కొట్టెయ్యగలదు. టీ కొట్టు దగ్గరి మౌనాన్ని ఏ కోర్టు కొట్టేస్తుంది? దానికి బదులు మన సమావేశాల్లో ఒక టీ కొట్టు పెట్టుకోవడమే మార్గం. ఈ పని చేసే స్త్రీలు నెలకోసారి కూచుని, ఎవరు దేనికి ఎంత తీసుకున్నారో, ఎవరు ఎగ్గొట్టారో దాపరికం లేకుండా చెప్పుకోవాలి. మనం ఏర్పాటు చెయ్యగలిగిన అసలు శిక్షణ అదే.

ధరలో ఊపిరి కూడా ఉంది

రేటు తగ్గించినప్పుడు మొదట ఎగిరిపోయేది మాస్కు. క్లియరు కోటులో కలిపే హార్డ్‌నరులో ఐసోసయనేట్లు ఉంటాయి. గన్ లోంచి పొగమంచులా వచ్చినప్పుడు వాటిని పీలిస్తే ఉబ్బసం వస్తుంది. ఒకసారి శరీరానికి అది పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం పట్టుకుంటుంది, ఆ వృత్తే మానుకోవాల్సి వస్తుంది. ముక్కుకు కట్టుకున్న చున్నీ, దుమ్ము మాస్కు వీటిని ఆపలేవు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు సరైనది. థిన్నర్లలోని టోలీన్ లాంటివి గర్భిణులకు హాని చేస్తాయి. మన దేశంలో 2016 నాటి నియమాలు సీసం వాడకాన్ని 90 పి.పి.ఎం.కి పరిమితం చేశాయి గానీ, అవి ఇంటి రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే. బండ్ల రంగులు వాటి కిందికి రావు.

ఇది విని, "అందుకే ఆడవాళ్లకి ఈ పని వద్దంటాం" అనేవాళ్లుంటారు. ఈ వాదన పాతదే. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్ల సీసం రంగుల మీద చేసిన ఒప్పందంలో, ఆ రంగులు వాడే పారిశ్రామిక పెయింటింగు పనుల్లో పద్ధెనిమిదేళ్లలోపు మగపిల్లలనూ, స్త్రీలందరినీ నిషేధించారు. ఎదిగిన మగవాడికి ఆ పనుల్లో విషం కొనసాగింది, స్త్రీకి పని పోయింది. విషాన్ని తీసెయ్యడానికి బదులు స్త్రీని తీసెయ్యడం రక్షణ ఎలా అవుతుంది? 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కొంత మేలు. అన్ని సంస్థల్లో అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలు పనిచేయవచ్చని, ప్రమాదం ఉన్నచోట ముందుగా రక్షణ ఏర్పాట్లు చేయించాలని అది చెబుతోంది. కానీ ఒంటరిగా షెడ్డు నడుపుకునే స్త్రీకి ఆ ఏర్పాట్లు చెయ్యవలసిన యజమాని వేరే లేడు. ఆమెకు మాస్కు కొనిచ్చేది ఆమె రేటే. కాబట్టి బిల్లులో మాస్కు ఖర్చు ఒక పద్దుగా ఉండాలి. అది లేని ధర చవక ధర కాదు, తన ఊపిరితిత్తుల్లోంచి కస్టమరుకు ఇచ్చే రాయితీ.

"కొత్తలో తక్కువ తీసుకోకపోతే ఎవరొస్తారు?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. చెయ్యి ఇంకా తిరగని మనిషి మేస్త్రీ రేటు అడిగితే బండి పక్క షెడ్డుకి పోతుంది. పైగా "ఏమ్మా, మగ మేస్త్రీకే అంత ఇవ్వం" అనే మాట ఎలాగూ పడుతుంది. కానీ తక్కువకు చెయ్యడంలో రెండు పద్ధతులున్నాయి. పూర్తి ధర 2,530 అని కాగితం మీద రాసి, కొత్తగా మొదలుపెట్టాను గనుక 400 తగ్గిస్తున్నానని కింద రాయడం ఒకటి. మొదటే 1,500 అనెయ్యడం రెండోది. మొదటి పద్ధతిలో ఆ తగ్గింపు ఆమె ఇచ్చినది, ఆమే ఆపగలిగినది. రెండోదాంట్లో ఆమె విలువే 1,500 అయిపోతుంది. రేపు పెంచితే "పోయినసారి అంతకే చేశావుగా" అంటారు.

నేర్చుకునే కాలంలో కస్టమరు బండి మీద ప్రయోగం చెయ్యకపోవడం కూడా ధరలో భాగమే. పాత ఇనుము కొట్టులో దొరికే ఫెండర్లు, మోటారు సైకిలు ట్యాంకుల మీద పదిసార్లు కొట్టి గీకి మళ్లీ కొట్టాలి. ఆ తర్వాత స్కూటరు ప్యానెళ్లు, టచప్ లు, బంపర్లు. పూర్తి కారు చివర్లో. మెటాలిక్ రంగులు ఇంకా ఆలస్యంగా. చెయ్యలేని పని రాదని చెప్పడం, వచ్చిన పనికి పూర్తి ధర అడగడం — రెండూ ఒకే ఆత్మగౌరవం.

ఇంకో కోణం మనం మరిచిపోకూడదు. పక్క షెడ్డులోని మేస్త్రీ కూడా కోటీశ్వరుడు కాదు. ముస్లిం, దళిత, వెనుకబడిన కులాల మగవాళ్లు ఎందరో ఈ పనుల్లో దగ్గుతూ బతుకుతున్నారు. స్త్రీలను చవక కూలీలుగా దింపి వాళ్ల రేటు పడగొట్టడం స్త్రీ విముక్తి కాదు. మిల్లుల్లో, బీడీల్లో యజమానులు చేసిన పని అదే. రేట్ల విషయంలో ఆ మేస్త్రీలతో మాట్లాడుకోవలసిన అవసరం మనకుంది.

మన ఇంటి సంగతి

చివరగా మన సంస్థల గురించి. శిక్షణ పొందిన స్త్రీలతో తమ ఆఫీసు జీపుకి రంగు వేయించుకుని, "మనదే కదమ్మా, సామాన్లకి ఇస్తాం" అన్నచోట్లు నాకు తెలుసు. ఫోటోలు తీసుకున్నారు, రిపోర్టులో పెట్టుకున్నారు. సాధికారత అన్న మాట ఆ రిపోర్టులో ఎన్నిసార్లు వచ్చిందో గానీ కూలి అన్న మాట ఒక్కసారీ రాలేదు. స్త్రీల శ్రమకు విలువ కట్టని సమాజాన్ని విమర్శించే మనం మొదటి కస్టమరుగా ఆ విలువే కట్టకపోతే రెండో కస్టమరు ఎందుకు కడతాడు?

శిక్షణలో ఒక పూట చట్టానికి కేటాయించండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, ఒక వస్తువు మీద తన శ్రమనో నైపుణ్యాన్నో పెట్టి పని పూర్తి చేసిన మనిషి, తనకు రావలసింది ఇచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఒప్పందం వేరేగా ఉంటే తప్ప. చట్టంలోనే దర్జీ ఉదాహరణ ఉంది. డబ్బుకు మూడు నెలలు గడువిస్తానని ముందే ఒప్పుకున్న దర్జీకి కోటు ఆపే హక్కు లేదు. అంటే "తర్వాత ఇస్తాలే" అన్న మాటకు తలూపిన క్షణాన ఆ హక్కు పోతుంది. అందుకే బండి దిగినప్పుడే కాగితం రాసుకోవాలి: ఏ పని, ఎంత, అడ్వాన్సు ఎంత, మిగతాది బండి తీసుకెళ్లేటప్పుడు. ట్రావెల్స్ వాళ్లకో పెద్ద గ్యారేజీకో పని చేసేవాళ్లు ఉద్యమ్ లో పేరు నమోదు చేసుకోవాలి, దానికి రుసుము లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం వాళ్లకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే వడ్డీ పడుతుంది.

పని నేర్పే ప్రతి సంస్థనూ నేను కోరేది ఇంతే. సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఆ స్త్రీ చేత ఒక బిల్లు రాయించండి. అందులో రంగు, పుట్టీ, కాగితం ఉంటాయి, అవి ఎవరైనా రాస్తారు. ఆమె గంటలు ఉన్నాయా, మాస్కు ఉందా చూడండి. తర్వాత మీలో ఒకరు కస్టమరుగా నిలబడి బేరమాడండి. ఆమె కాగితం దించకుండా, అంకె మార్చకుండా జవాబు చెప్పగలిగిన రోజున శిక్షణ పూర్తయినట్టు.